సముద్రం చూసొద్దాం

మా ఊరు పాలకొండ వైపు. మా ఊరి నుంచి సముద్రం ఎంత దూరం? సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోవచ్చు. అయినా మా పొదుపు సంఘంలో పదిమందిమి ఉంటే, ఏడుగురు సముద్రం చూడలేదు. మా పెద్దమ్మకి అరవై దాటాయి. ఆమె కూడా చూడలేదు.

దారి లేక కాదు. ఆడవాళ్ళం ఇల్లు కదిలేది ఎప్పుడు? పెళ్ళికి, పురుడుకి, చావుకి, ఆసుపత్రికి. మహా అయితే తీర్థానికి. ఊరికే చూడ్డానికి, నాలుగు మాటలు చెప్పుకోడానికి, నచ్చింది తినడానికి బయల్దేరడం మన లెక్కలో ఎప్పుడూ లేదు.

సంఘం మీటింగులో ఈ మాట వచ్చింది. ఒకామె భర్త గుమ్మంలోంచే నవ్వాడు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరమా? మన చెరువులో లేవా?" అన్నాడు. ఆ మాటకి మా పెద్దమ్మకి రోషం వచ్చింది. "వెళ్ళాల్సిందే" అంది.

అలా సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి మేం వెళ్ళొచ్చాం. ఒక రాత్రి, రెండు పగళ్ళు. శ్రీకాకుళం, శ్రీకూర్మం, కళింగపట్నం, శాలిహుండం. మీరు కూడా వెళ్ళాలనుకుంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలో చెప్తాను. మేం చేసిన తప్పులు కూడా చెప్తాను. మీరు అవి చెయ్యక్కర్లేదు.

ఎప్పుడు వెళ్ళాలి?

ముందు నెల చూసుకోవాలి. మన తీరానికి తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొన్ని ముందే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాని ఎలా దెబ్బతీసిందో ఈ జిల్లా వాళ్ళు మర్చిపోలేదు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేల మట్టం అయ్యాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అందుకని ఆ నెలల్లో వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక మీద కాలు పెట్టలేం. జనవరి, ఫిబ్రవరి మంచివి. కోతలు, నూర్పులు అయిపోయి ఉంటాయి. చేతిలో కాస్త డబ్బు ఆడుతుంది. ఎండ కూడా మెత్తగా ఉంటుంది.

అయితే ఆ రోజుల్లోనే రథసప్తమి వస్తుంది. ఆ రోజు అరసవల్లి సూర్యదేవుడి గుడికి జనం విరగబడతారు. దర్శనమే ముఖ్యం అనుకుంటే ఆ రోజు వెళ్ళండి. లేకపోతే తప్పించుకోండి. గది దొరకదు. బస్సులో చోటు దొరకదు.

డబ్బు సంగతి

సంఘం అప్పు నిధి ముట్టుకోకూడదు. ఈ మాట మేం మొదటే అనుకున్నాం. ప్రయాణానికి వేరే డబ్బా పెట్టాం. వారానికి మనిషికి 30 రూపాయలు. ఆరు నెలలు, అంటే 26 వారాలు. లెక్క కట్టండి. ఒక్కొక్కరికి 780 రూపాయలు. పదిమందికి 7,800.

ఇది ఎలా ఖర్చవుతుంది? మూడు గదులు, ఒక్కోటి 800 అనుకుంటే 2,400. రెండు రోజుల తిండికి మనిషికి 350 అనుకుంటే 3,500. రెండు ఆటోలకి 1,200. మొత్తం 7,100. ఇంకా 700 మిగలాలి. ఆ మిగిలిన డబ్బు ఒకరి దగ్గర విడిగా ఉండాలి. ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే అది కావాలి. ఇవి లెక్క చేసే తీరు చెప్పడానికి వేసిన అంకెలు. ధరలు మీరే కనుక్కోవాలి. ఒక ఫోను చేస్తే తెలిసిపోతుంది.

బస్సు ఖర్చు రాయలేదేం అంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పథకం వచ్చింది. రాష్ట్రంలో ఉండే ఆడవాళ్ళకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టుకి డబ్బు తీసుకోరు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తారు. డబ్బు లేదు గదా అని టికెట్టు వదిలెయ్యకండి. తీసుకుని దాచుకోండి. అన్ని బస్సులకీ ఇది లేదు. లగ్జరీ బస్సులకి, ఏసీ బస్సులకి డబ్బు కట్టాలి. అందుకని ఎక్కేముందు బస్సు మీద రాసింది చదవండి. ఊరి పేరొక్కటే చదివితే చాలదు. ఏ రకం బస్సో కూడా చదవాలి. మాలో ఒకామె పేరు మాత్రం చదివి ఎక్కేసింది. మళ్ళీ దింపాల్సి వచ్చింది.

ఒక కాగితం రాసుకోండి

మాలో ఒకామెకి ఇంట్లో ఒప్పుకోలేదు. భర్త ఏమీ అనలేదు గానీ అత్తగారు కుదరదంది. "ఆడవాళ్ళు పదిమంది పోయి ఎక్కడ పడుకుంటారు? ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి?" అంది. కోపం వచ్చినా ఆమె అడిగింది తప్పు కాదు. ఆమె అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు. మేం అప్పటికి ఏదీ రాసుకోలేదు.

ఆ రాత్రి కూర్చుని ఒక కాగితం రాశాం. ఏ బస్సుకి బయల్దేరతాం. ఎక్కడ దిగుతాం. ఏ లాడ్జిలో ఉంటాం, దాని ఫోను నంబరు. రెండో రోజు ఎన్నింటికి తిరుగు బస్సు. మాలో ఎవరెవరి దగ్గర ఫోను ఉంది, ఆ నంబర్లు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అయినా అన్నీ ఉన్నాయి. మర్నాడు నలుగురం వెళ్ళి ఆమెకి చదివి వినిపించాం. ఆమె రెండోసారి చదవమంది. చదివాం. "ఆ కాగితం ఇక్కడ పెట్టి పొండి" అంది. అంతే. గేదెకి గడ్డి కూడా తనే వేస్తానంది.

తర్వాత ప్రతి ఇంట్లోనూ ఒక కాగితం పెట్టాం. పది కాగితాలు రాసేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి.

గది తీసుకునేటప్పుడు కార్డు అడుగుతారు. ముందు గది చూడండి. తలుపు గడియ లోపలి నుంచి సరిగ్గా పడుతుందా? నీళ్ళు వస్తున్నాయా? చూశాకే డబ్బు ఇవ్వండి. రసీదు అడగండి. మేం శ్రీకాకుళంలో ఉన్నాం. బస్సులన్నీ అక్కడి నుంచే దొరుకుతాయి. రైల్లో వచ్చేవాళ్ళు 'శ్రీకాకుళం రోడ్' అనే స్టేషన్‌లో దిగాలి. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్నానికి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి.

తాబేలు దేవుడు

మొదటి రోజు అరసవల్లి చూశాం. పట్నానికి ఆనుకునే ఉంది. మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి ఎండ నేరుగా లోపలికి వచ్చి సూర్యదేవుడి పాదాల మీద పడుతుంది. అలా పడేటట్టు గుడి కట్టారు.

అక్కడి నుంచి శ్రీకూర్మం. శ్రీకాకుళానికి సుమారు 15 కిలోమీటర్లు. కూర్మం అంటే తాబేలు. పాల సముద్రం చిలికేటప్పుడు కవ్వంగా పెట్టిన కొండ మునిగిపోతుంటే, విష్ణుమూర్తి తాబేలుగా మారి వీపు మీద మోశాడని కథ. ఆ రూపానికి గుడి ఉండడం చాలా అరుదు. దేవుడు పడమటి వైపు చూస్తుంటాడు. ధ్వజస్తంభాలు రెండు ఉన్నాయి. చుట్టూ తిరిగే మండపంలో స్తంభాలు చూడండి. వాటి మీద శాసనాలు చెక్కి ఉన్నాయి. కళింగ దేశాన్ని ఏలిన గంగరాజుల కాలం నాటివి అందులో చాలా ఉన్నాయి. ఆ పాత అక్షరాలు మనం చదవలేం. మన ఊళ్ళో బడికి వెళ్ళినవాళ్ళు కూడా చదవలేరు. అక్కడ అందరం సమానమే అని మేం నవ్వుకున్నాం. గోడల మీద పాత రంగుల బొమ్మలు కూడా ఉన్నాయి. చేత్తో తడమకండి. తడిమితే రంగు పోతుంది.

ఈ గుడిలో నక్షత్ర తాబేళ్ళని చాలా కాలంగా సాకుతూ వచ్చారు. వీపు మీద చుక్కల్లాంటి గీతలుంటాయి. అవి నేల తాబేళ్ళు. వాటికి ప్రసాదం, బిస్కట్లు పెట్టకూడదు. వాటిని ఇంటికి తెచ్చి పెంచుకోకూడదు. అది చట్టం ప్రకారం నేరం.

సముద్రం

రెండో రోజు పొద్దున్నే కళింగపట్నం బస్సు ఎక్కాం. 25, 30 కిలోమీటర్ల దారి. కొబ్బరి చెట్లు, తాటి చెట్లు, సరుగుడు తోటలు. గాలి మారింది. ఉప్పు వాసన తగిలింది. బస్సు దిగి కాస్త నడిచాం. ఇసుక దిబ్బ ఎక్కాం. ఎదురుగా సముద్రం.

మా పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఒలప్పో, దీనికి అవతలి గట్టు లేదేటే?"

కళింగపట్నం ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు వచ్చేవి, పోయేవి. ఇప్పుడు ఆ ఓడలు రావు. లైట్ హౌస్ ఉంది. వంశధార నది ఒడిశా కొండల్లో పుట్టి, మన పొలాలు తడిపి, ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. పాలకొండ వైపు పారేది నాగావళి. దాన్ని రోజూ చూసిన మాకు వంశధార కూడా అలాంటి ఏరే గదా అనిపించింది. కలిసే చోటు దగ్గరగా చూడాలని బయల్దేరాం. ఒడ్డున చేపలు ఏరుతున్న ఒకామె గట్టిగా కేకేసింది. "ఒలమ్మా, అటెల్లకండి! ఏరు కలిసే చోటది. అడుగు ఆనదు!"

ఆమె చెప్పింది నిజం. ఏరు కలిసే చోట ఇసుక రోజూ మారుతుంది. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ నిలువు లోతు ఉంటుంది. చూడ్డానికి మాత్రం ఒకేలా కనిపిస్తుంది. అక్కడ దిగకూడదు.

సముద్రం దగ్గర ప్రాణాలు ఎలా పోతాయో తెలుసుకోవాలి. దీన్ని కొంచెం నిదానంగా చదవండి. అలలు నీటిని ఒడ్డుకి తోస్తాయి. ఆ నీరంతా మళ్ళీ వెనక్కి పోవాలి. అది ఒక్కోచోట సన్నటి పాయలా కూడి, వేగంగా లోపలికి పోతుంది. ఆ చోట అలలు తక్కువగా ఉంటాయి. నీరు నిదానంగా, కొంచెం నల్లగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అనుకుంటారు. దిగితే కాళ్ళ కింద ఇసుక జారుతుంది. నీరు లోపలికి లాగుతుంది. భయపడి ఒడ్డుకి ఎదురు ఈదితే అలిసిపోతారు. అలిసిపోయి మునిగిపోతారు. అలాంటప్పుడు నీటితో పోట్లాడకూడదు. తేలుతూ, చెయ్యి పైకెత్తి కేక వెయ్యాలి. ఈత వస్తే ఒడ్డుకి కాకుండా పక్కకి, ఒడ్డు వెంబడి ఈదాలి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. దాటితే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఎవరైనా కొట్టుకుపోతుంటే చీర కట్టుకుని వెనకాలే దూకకండి. ఇద్దరూ పోతారు. తాడో, ఖాళీ డబ్బానో విసరండి. చేపలు పట్టేవాళ్ళని పిలవండి. 112కి ఫోను చెయ్యండి.

మేం పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. మోకాలు దాటకూడదు. చీర కుచ్చెళ్ళు తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. ఇద్దరిద్దరం చేతులు పట్టుకున్నాం. బోర్డు ఉంటే ముందు అది చదవండి. అందరికీ వినపడేట్టు చదవండి.

మోకాలి దాకా అయినా ఎంత సరదా! రెండు గంటలు ఎలా పోయాయో తెలీదు. అందర్నీ కోడళ్ళని చేసి మాట్లాడే పెద్దమ్మ చిన్నపిల్లలా అలకి ఎదురెళ్ళి, అల రాగానే వెనక్కి పరిగెత్తింది.

ఒడ్డు వెంట నడుస్తుంటే చచ్చిపోయిన సముద్ర తాబేలు కనిపించింది. చేటంత వీపు. అందరం ఆగిపోయాం. ఈ తాబేళ్ళు జనవరి నుంచి మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి వెళ్ళిపోతుంది. దాదాపు 50 రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. రాత్రి సముద్రం మీద ఉండే వెలుతురు చూసి అటు పాకుతాయి. ఒడ్డున దీపాలుంటే పొరబడి ఊరి వైపు వస్తాయి. చచ్చిపోతాయి. తాబేలు నీళ్ళలో బతికినా మనలాగే గాలి పీల్చాలి. వలలో ఇరుక్కుంటే పైకి రాలేదు. ఊపిరాడక చచ్చిపోతుంది. నిన్న గుడిలో తాబేలుకి దండం పెట్టాం. ఇవాళ ఇలా చూశాం. మా పెద్దమ్మ దాని మీద ఇంత ఇసుక పోసింది.

అటవీ శాఖవాళ్ళు కొన్ని చోట్ల గుడ్లు ఏరి, కంచె కట్టి కాపాడుతున్నారు. పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. మనం చెయ్యగలిగింది కూడా ఉంది. ప్లాస్టిక్ సంచులు ఇసుకలో వదలకండి. సంచి నీళ్ళలో తేలుతుంటే తాబేలు దాన్ని తినే వస్తువు అనుకుని మింగుతుంది.

తిండి

సంక్రాంతి అరిసెలు మిగిలి ఉన్నాయి గదా, అవి పట్టుకెళ్ళాం. పులిహోర కట్టుకున్నాం. మొదటి రోజుకి అది సరిపోయింది. తాగే నీళ్ళు మోసుకెళ్ళండి. సముద్రం ఒడ్డున కూర్చుని దాహంతో అల్లాడినవాళ్ళం మేమే.

చేపల పులుసు తినకుండా ఎలా వస్తాం? చిన్న హోటల్లో తిన్నాం. కూర్చునే ముందు ధర అడగండి. పులుసు ముక్కకి ఎంత, అన్నం మళ్ళీ వేస్తే ఎంత. ధరల బోర్డు ఉంటే చదవండి. చింతపండు పులుసులో చేప ముక్క, వేడి అన్నం. ఇంట్లో వండితే చివరికి మనకి మిగిలేది తోక ముక్క. ఆ రోజు పదిమందికీ నడుం ముక్కలే వేయించుకున్నాం. ఇంకొకళ్ళు వండి వడ్డిస్తే కూర్చుని తినడం ఎలా ఉంటుందో మీరే చూడండి.

ఆ రోజుల్లో తేగలు దొరుకుతాయి. మురీ మిక్చరు, కొబ్బరి బొండాలు సరే సరి. పలాస జీడిపప్పు కొనాలంటే గుండు, బద్ద, నూక అని రకాలుంటాయి. ధరలు వేరు. పాయసానికి బద్ద చాలు.

శాలిహుండం కొండ

ఇక్కడికి ఆటోలో వెళ్ళాం. కళింగపట్నానికి పడమటి వైపు, దగ్గర్లోనే. ఆటో మాట్లాడేటప్పుడు రానూ పోనూ ఎంత, అక్కడ ఆగినందుకు ఎంత అని ముందే ఒప్పందం చేసుకోండి.

వంశధార ఒడ్డున చిన్న కొండ. మెట్లెక్కాలి. పైన ఇటుకలతో గుండ్రంగా కట్టిన స్తూపాలు ఉన్నాయి. బుద్ధుడి గుర్తుగా కట్టి, చుట్టూ తిరిగి మొక్కే కట్టడాన్ని స్తూపం అంటారు. వందల ఏళ్ళ పాటు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉన్నారు. కింద రేవు, ఓడలు, వర్తకులు. పైన కొండ మీద చదువు, ధ్యానం. తార, మారీచి అనే దేవతల విగ్రహాలు కూడా దొరికాయి. పైనుంచి చూస్తే వంశధార వెండి తీగలా కనిపిస్తుంది.

ఈ చోటుని 1919లో గుర్తించినది గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయనది ఈ జిల్లాయే. వెనకటికి పుస్తకాలన్నీ పండితులకే అర్థమయ్యే భాషలో ఉండేవి. మనుషులు మాట్లాడే మాటల్లోనే పుస్తకాలు ఉండాలని ఆయన పట్టుబట్టారు. చాలామందితో వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినం జరుపుకుంటాం. మీరిప్పుడు చదువుతున్న ఈ మాటలు మన ఇళ్ళలో మాటల్లా ఉన్నాయంటే అందులో ఆయన చలవ ఉంది.

పొందూరు కూడా చూద్దామనుకున్నాం. సన్న ఖాదీకి పేరు పడ్డ ఊరు. అక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, నూలు వడుకుతారు. చేప పళ్ళే వాళ్ళకి దువ్వెన! టైము చాల్లేదు. ఇంకోసారి వెళ్తాం.

తిరుగు ప్రయాణం

కాగితంలో శ్రీకాకుళం నుంచి మా ఊరికి బస్సు టైము రాశాం. కళింగపట్నం నుంచి శ్రీకాకుళానికి టైము రాయడం మర్చిపోయాం. గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. పొద్దున్న దిగగానే "తిరుగు బస్సు ఎన్నింటికి? ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని కండక్టరునే అడిగి రాసుకోవాల్సింది. ఇంటికి చేరేసరికి రాత్రి పది. ఆ అత్తగారు కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. "ఎనిమిదని రాశారు" అంది.

ఎండు చేపలు కొంటే బాగా ఎండినవే కొనండి. చేత్తో విరిస్తే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే వద్దు. కాగితంలో చుట్టి, దాని మీద రెండు సంచులు వేసి, మూతి గట్టిగా కట్టండి. మేం ఒక్క సంచిలో వేశాం. బస్సులో ముందు సీటు ఆయన రెండుసార్లు లేచి, చివరికి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

తర్వాతి మీటింగులో లెక్క చదివాం. 7,800లో 460 మిగిలాయి. డబ్బాలోనే ఉంచాం.